సాఫ్ ఛార్జీ

కిరందుల్ బజారులో మా కంప్యూటర్ రిపేరు దుకాణం నడిచినన్నాళ్ళూ బాగుచేసే పని మా ఆయనది, రేటు చెప్పే పని నాది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే ఆయనకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. డబ్బు మాట వచ్చిందంటే మాత్రం తల వంచుకుని టేబుల్ కింద పడిన స్క్రూ ఏదో వెతకడం మొదలుపెట్టేవారు. పెళ్ళయిన కొత్తలో నిజంగానే ఏదో పడిపోయిందనుకుని నేనూ వంగి వెతికాను. కింద ఏమీ లేదు. ఎదుటి మనిషి వెళ్ళిపోయేదాకా ఆ స్క్రూ దొరకదని ఆయన మొహం చూశాక అర్థమైంది. మర్నాటి నుంచి కౌంటర్లో నేను కూర్చున్నాను.

మా ఇద్దరివీ రైల్వే కుటుంబాలే. మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరందుల్ నుంచి విశాఖపట్నం పోయే ఈ రైలు లైన్లో పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మామగారిదీ అదే కథ, కాకపోతే ఆయనది సిగ్నళ్ళ పని. ఇంట్లో విజయనగరం యాసలో 'ఏటి' అంటూ, బడిలో హిందీ చదువుతూ, సంతలో హల్బీలో బేరమాడుతూ, గోండీ అర్థం చేసుకుంటూ పెరిగాం. నాలుగు భాషల్లో వాదించగలదు గానీ ఒక్కదాంట్లోనూ ఓడిపోవడం చేతకాదని మా అమ్మ నన్ను దెప్పేది. ఆ నోరే తర్వాత మాకు అన్నం పెట్టింది.

ఊరు ఇనప కొండ కింద ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమనే సామెత మా ఊళ్ళో చెల్లదు, ఇక్కడ కొండను తవ్వి కొండనే రైలెక్కించేవాళ్ళు. రైలెక్కనిది మా ఇళ్ళల్లోకి వచ్చేది. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఎర్రబారేది. మంచినీళ్ళ బిందె మీద మూత, పెట్టె అడుగున పెట్టిన పట్టుచీర, దేన్ని తుడిచినా గుడ్డకి ఎర్రగా అంటేది. వేరే ఊళ్ళలో కంప్యూటర్లోకి పోయే దుమ్ము దూదిలా ఉంటుంది, ఊదితే పోతుంది. మా దుమ్ము సన్నం, పైగా బరువు. ఫ్యాను రెక్కలకీ బోర్డు సందులకీ పట్టేసి, వానాకాలం తేమ తగిలితే ఇక వదలదు.

అందుకని మా ఆయన వచ్చిన ప్రతి మిషనునీ పూర్తిగా విప్పేవారు. బోర్డులు బయటికి తీసి బ్రష్షుతో, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి, రోజంతా నడిపి చూసిగానీ ఇచ్చేవారు కాదు. ఈలోగా ఇంకేం తేడాలున్నాయో అన్నీ చూసేవారు. సామాను విశాఖపట్నం నుంచి రైల్లో రావాలి. వానల్లో ఘాట్ దగ్గర బండరాళ్ళు పడి రైలు ఆగిపోతే జగదల్‌పూర్ దాకా ఎవరో ఒకరు బస్సులో తేవాలి. ఇవన్నీ కలిస్తే మా రేటు మిగతావాళ్ళ కంటే ఎక్కువే అయ్యేది. అద్దె పెరిగాక మేమూ ఇంకొంచెం పెంచాం.

రెండు వీధుల అవతల ఇంకో దుకాణం వచ్చింది. అతని దగ్గర ఒక బ్లోయర్ ఉండేది. మూత తీసి, బుర్రుమని ఊది, మూత పెట్టి ఇచ్చేసేవాడు. మా రేటులో సగమే తీసుకునేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నాకు కనబడితే దీదీ అని నమస్కారం పెట్టేవాడు. నేనే అతనికి బ్లోయర్ అని పేరు పెట్టి ఊరంతా తిప్పాను.

"అతను అంతకే చేస్తున్నాడు, మీరేంటి ఇంత?" ఈ ప్రశ్న లేకుండా పొద్దు గడిచేది కాదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. అందులోనూ చెప్పేది ఆడమనిషైతే మరీనూ.

మొదట్లో చీటీ మీద రెండు వరసలు రాసేదాన్ని. ఒకటి సామాను, రెండోది మజూరీ. మా తాత విజయనగరంలో కంసాలి. బంగారం వాళ్ళది, మజూరీ మనది, రెండూ కలిపి చెబితే దొంగతనం అనేవాడు. సొంత తల్లి బంగారంలోనూ తరుగు తీస్తాడన్న పేరు మాకు ఎలాగూ ఉంది కాబట్టి తాత ప్రతిదీ ఎదురుగా తూచి చూపించేవాడు. నాకు ఆ మాటంటే గౌరవం. మజూరీ అంటే చేతిలో విద్య ఉన్నవాడికి ఇచ్చేది.

హిందీలో అది తట్ట మోసేవాడికి ఇచ్చేదని నాకు తట్టలేదు. గనివాళ్ళ టౌన్‌షిప్ ఉద్యోగి ఒకాయన చీటీ చదివి నవ్వాడు. ఒక్కరోజు మజూరీ ఇంతైతే రేపట్నుంచి నేనూ ఉద్యోగం మానేసి మీ దగ్గర మట్టి మోస్తాను అన్నాడు హిందీలో. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. మా తాత కుంపటి ముందు కూర్చుని ఊది ఊది సంపాదించుకున్న మాట అక్కడ మట్టి తట్ట అయిపోయింది. ఆ వరస కొట్టేశాను.

ఇంకో మాట కావాలి. అది హిందీవాళ్ళకీ, హల్బీవాళ్ళకీ, తెలుగువాళ్ళకీ ఒక్కలాగే తెలియాలి, కంటికి కనబడాలి. అలా దొరికింది 'సాఫ్'. ఊళ్ళో ఎవరికైనా తెలిసిన మాట. గిన్నె సాఫ్, వాకిలి సాఫ్, చేతులు సాఫ్. దుకాణం ముందు బోర్డు మీద సాఫ్ ఛార్జీ అని రాయించాను. తాత పద్ధతిలోనే పాత క్యాలెండర్ కాగితం తిరగేసి తెల్లవైపు కౌంటర్ మీద పరిచేదాన్ని. మనిషి ఎదురుగానే మిషను మూత తీసి, బ్రష్షుతో కొంచెం ఆ కాగితం మీదికి రాల్చేదాన్ని. తెల్ల కాగితం మీద ఎర్రటి కుప్ప.

"చూశారా, ఇది మీ మిషను తింటున్న తిండి. బ్లోయర్ పెడితే ఇది ఇంకా లోపలికి పోతాది గానీ బయటికి రాదు."

ఆ కాగితం చూశాక ఎవరూ నోరెత్తేవారు కాదు. ఒకాయన ఆ దుమ్ముని పొట్లం కట్టించుకుని ఇంట్లో చూపించడానికి తీసుకెళ్ళాడు. నాకు గర్వంగా ఉండేది. నాలుగు భాషల వాదనని ఒక కాగితం మీదికి దించేశాననుకున్నాను.

మా ఆయనకి మాత్రం అది నచ్చలేదు. "దుమ్ము దులిపినందుకేటి మనం డబ్బు తీసుకుంటున్నాం? లోపలేటి పాడైందో చూసి చెప్పినందుకు కదా" అన్నారు.

"అది కాగితం మీద రాల్చి చూపించండి, అదే రాస్తాను" అన్నాను.

ఆయన నవ్వి మళ్ళీ బ్రష్షు అందుకున్నారు. నేనే నెగ్గానని అప్పుడు అనుకున్నాను. అప్పటి నుంచి ఏ పని చేసినా, కరెంటు పెట్టె చూసినా, డిస్కు బాగుచేసినా, వేరే డిస్కులోకి అంతా ఎత్తిపెట్టినా, అన్నీ సాఫ్ కిందే పోయేవి. వివరంగా చెప్పక్కర్లేదు, వాదన తక్కువ.

దోర్నపాల్ నుంచి ఒకతను వచ్చేవాడు. మొదట కిరందుల్‌లోనే కాంట్రాక్టరు కింద లోడింగ్ పనిచేశాడు. మోకాలికి దెబ్బ తగిలాక అది మానేసి, మా దగ్గరే పాత కంప్యూటర్ కొనుక్కుని దోర్నపాల్ రోడ్డు పక్కన చిన్న కొట్టు పెట్టాడు. సంతకొచ్చిన వాళ్ళ ఫోన్లలోని చిప్పుల్లోకి పాటలు ఎక్కించి ఇవ్వడం అతని పని. అప్పటికి సిగ్నల్ లేని ఊళ్ళే ఎక్కువ. ఫోను కొన్నవాడు మాట్లాడటానికి కాదు, పాటలు వినడానికి కొనేవాడు. అతని అక్క మొగుడు ఇంకా కిరందుల్‌లోనే పనిచేస్తున్నాడు కాబట్టి చుట్టపుచూపుగా వచ్చినప్పుడల్లా మా దుకాణంలో కాసేపు కూర్చునేవాడు. నన్ను అక్కా అనేవాడు, మా ఆయన్ని అన్నా అనేవాడు. చింతపండో ఇప్పగింజల నూనో ఏదో ఒకటి చేతిలో ఉండేది.

ఒకసారి తన ఫోన్లో ఒక పాట పెట్టాడు. ఆడగొంతు, ముసలిది. వాయిద్యం లేదు. మాటలు సగం వాళ్ళ దొర్లీ భాష, సగం తెలుగు. నాట్లు వేసేటప్పుడు పాడేది అన్నాడు. తల్లి పోయాక తనని పెంచిన చిన్నమ్మ అట. ఊళ్ళో పెళ్ళైనా నాట్లైనా ఆమె గొంతే ముందు లేచేదట. ఆమె పాడుతుంటే కూర్చుని ఫోన్లో రికార్డు పట్టుకున్నాడు.

"చానా ఉన్నయ్ అక్కా. ఫోన్ల పట్టక అన్నీ కంప్యూటర్ల ఏసిన" అన్నాడు.

ఈలోగా ఎవరో గిరాకీ వచ్చారు. కొంచెం సౌండ్ తగ్గించు తమ్ముడూ అన్నాను. అతను పాటే ఆపేశాడు. మళ్ళీ పెట్టమని నేను అడగలేదు. ఆ గొంతు ఆ కొంచెమే విన్నాను.

ఆ ఎండాకాలంలోనే చిన్నమ్మ పోయిందని తర్వాత తెలిసింది. అతని అక్క మొగుడు చెప్పాడు.

వానలు మొదలయ్యే ముందు దోర్నపాల్ అతను కంప్యూటర్‌ని దుప్పటిలో మూటగట్టి బస్సులో పట్టుకొచ్చాడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందన్నాడు. పాట సగంలో బిగుసుకుపోతోందన్నాడు. మా ఆయన దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. తలుపు దగ్గరికి వచ్చి నాకు మాత్రం వినబడేలా చెప్పారు.

"దుమ్ము సంగతి సరే. కరెంటు పెట్టె పోయింది. డిస్కు కూడా నీరసపడింది. ముందు లోపలున్నదంతా కొత్త డిస్కులోకి మెల్లగా ఎత్తాలి, తరవాతే మిగతాది. పని ఉంది."

అంటే రేటు ఎంతవుతుందో నాకు తెలిసిపోయింది. అతనికి తగ్గించి చెప్పాలనే అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు ఎవరు నమ్మినా నమ్మకపోయినా నిజం. కానీ కౌంటర్ దగ్గర టౌన్‌షిప్‌లో పనిచేసే తెలుగాయన ఒకరు నిలబడి ఉన్నారు. అప్పుడే నాతో గంటసేపు వాదించి, పూర్తి రేటు పెట్టి, చిల్లర కోసం ఆగి ఉన్నారు. ఆయన ముందు ఇంకొకరికి తగ్గిస్తే సాయంత్రానికి టౌన్‌షిప్ అంతా మా గుమ్మం ముందు ఉంటుంది. దుకాణం పైకి లేవాలంటే ఒక రేటు మీద నిలబడాలి. అది కూడా నిజమే.

వెనక గదిలోంచి మిషను తెచ్చి కౌంటర్ మీద పెట్టి కాగితం పరిచాను. మూత తీసి రాల్చాను. అతని మిషను దుమ్ము ఎర్రగా లేదు, రోడ్డు మట్టి కలిసి గోధుమరంగులో ఉంది. అయినా కుప్ప బాగానే పడింది.

"చూడు తమ్ముడూ. నీది సంతలో పెట్టిన మిషను. లారీలు లేపిన మట్టి, జనరేటర్ పొగ అంతా దీంట్లోనే ఉంది. పైపైన ఊదితే కుదరదు. లోపలంతా సాఫ్ చెయ్యాలి. ఇప్పుడు చెయ్యకపోతే ఏదో ఒకరోజు లోపలున్నదంతా పోతాది."

"లోపలంతా సాఫ్ చేస్తె అన్నీ మంచిగుంటయా?" అని అడిగాడు.

"ఉంటాయి. ఆ ఛార్జీ అందుకే కదా."

రేటు చెప్పాను. ఎందుకంతో కూడా చెప్పాను. రైలు, ఘాట్, స్పిరిట్, రోజంతా నడిపి చూడటం, మళ్ళీ పాడైతే మా పూచీ, ఒక్కటీ వదల్లేదు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పిండి కొద్దీ రొట్టె అన్నాను. చెప్పేది అతనికే అయినా, నా గొంతు సగం పక్కనున్న పెద్దమనిషి కోసం పలుకుతోంది. పాటల మాట ఎత్తలేదు. సాఫ్‌లో అదీ ఉంది కదా అని.

అతను బేరమాడలేదు. కాగితం మీది మట్టిని వేలితో కొంచెం కదిపి చూశాడు.

"నీ రేటు న్యాయమే అక్కా. గింత పనికి గంత తీస్కోవాలె" అన్నాడు. మళ్ళీ దుప్పటి కప్పి మూట కట్టుకున్నాడు. "మళ్ళొస్త."

అతను మెట్లు దిగాక టౌన్‌షిప్ ఆయన చిల్లర లెక్కపెట్టుకుంటూ, "బాగా చెప్పావమ్మా, ఎదురు మాట్లాడ్డానికి లేదు" అన్నాడు. పొగడ్త అనే తీసుకున్నాను.

మా ఆయన వెనక గదిలోంచి కొత్త డిస్కు చేత్తో పట్టుకుని వచ్చారు. "అతనేడీ?"

"మళ్ళీ వస్తానన్నాడు."

"పాటలు ముందు బయటికి తీసేయాలని చెప్పేవా?"

"లోపలంతా సాఫ్ చెయ్యాలని చెప్పాను. అందులో అదీ వస్తాది కదా."

ఆయన డిస్కుని అట్టపెట్టెలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయారు.

వానలు జోరందుకున్నాక అతను మళ్ళీ వచ్చాడు, అదే దుప్పటి మూటతో, ఇంకో చేతిలో చింతపండుతో. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నువ్వు చెప్పినట్టే లోపలంతా సాఫ్ చేయించిన. మిషను గుర్రం లెక్క ఉరుకుతాంది. చిన్నమ్మ పాటలే కనబడ్తలేవు. ఏ మూలకు పెట్టిండో ఏందో. అన్నను జర చూడమను."

"ఎక్కడ చేయించావు?" అన్నాను. అడుగుతూనే తెలిసింది నాకు.

"బ్లోయర్ కాడ. ఊర్కె ఊదుతనన్నడు. నేనొద్దన్న. అక్క చెప్పింది, పైపైన కుదరదు, లోపలంతా సాఫ్ చెయ్యాలె అన్న. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగిండు, పూరా సాఫ్ చెయ్యాల్నా, లోపలున్నదంతానా అని. పూరా చెయ్ అన్న. మంచోడే. పాత కరెంటు పెట్టె ఒకటేసి, సాఫ్ చేసి, సిన్మా పాటలు నిండా ఎక్కిచ్చి ఇచ్చిండు. పాటలకు పైసల్ గూడ తీస్కోలే."

మా ఆయన కంప్యూటర్ పెట్టి చూశారు. తెర మీద సినిమా పాటల పేర్లు వరసగా కదులుతున్నాయి. కాసేపటికి ఆయన కుర్చీ వెనక్కి జరిపి, వంగి, టేబుల్ కింద వెతకడం మొదలుపెట్టారు.

ఎప్పుడూ ఆ స్క్రూ వెతుకులాట చూస్తే నాకు నవ్వో కోపమో వచ్చేది. ఆ రోజు రెండూ రాలేదు. చెప్పే పని నాది.

ఎలా చెప్పానో మాటకి మాట గుర్తులేదు. మేం చెప్పే సాఫ్ దుమ్ముది తమ్ముడూ, బ్లోయర్ విన్న సాఫ్ వేరు, లోపలున్నదంతా తుడిచేయడం అని చెప్పి ఉంటాను. ఎంతో తేలికైన ముక్క. అంతకు ముందు చెప్పాల్సిన ముక్క అదొక్కటే. అతను నా మొహం, తెర, నా మొహం చూస్తూ ఉన్నాడు.

"ఫోన్లో ఉన్నాయా?" అని అడిగాను.

"లేవు. ఫోను నిండితె తుడిచేసిన."

"ఎవరి చిప్పులోనైనా ఎక్కించావా? ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి."

"ఎవలు అడుగుతరు అక్కా? అందరికీ సిన్మా పాటలే గావాలె. అవి నాకోసమే పెట్టుకున్న."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక అతని మీదే చూపించాను. "రేటు ఎక్కువనిపిస్తే నాతో ఒక్క మాట అనొచ్చు కదా. పక్కనెవరో ఉన్నారు కాబట్టి అలా చెప్పాను. మర్నాడు వచ్చి ఉంటే..."

"నీ రేటు ఎక్కువని పోలే అక్కా" అన్నాడు మెల్లగా. "నీది న్యాయమే. నువ్వు చెప్పినంక నాకు మంచిగ సమజైంది. ఎవలూ అడగని పాటలకు గంత పెట్టాల్నా అని నేనే అనుకున్న. నా పాటలకు గంత రేటు లేదనుకున్న."

ఈ మాట తర్వాత చాలా ఏళ్ళు నాలో తిరిగింది. ఇప్పటికీ తిరుగుతోంది. నేను అబద్ధం చెప్పలేదు, మోసం చెయ్యలేదు, ఒక్క రూపాయి అన్యాయంగా అడగలేదు. అబద్ధమాడి ఉంటే దాన్ని పట్టుకుని ఏడ్చి వదిలేసేదాన్నేమో. మా పని విలువ గురించి అంతసేపు మాట్లాడాను. అతని మిషన్లో ఏముందో, దాని విలువ ఎంతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ గొంతు నేను విన్నాను. విని, సౌండ్ తగ్గించమన్నాను. మా రేటు అతని కళ్ళ ముందు పెంచుకుంటూ పోతుంటే, తక్కెడ అవతలి పళ్ళెంలో అతని చిన్నమ్మ తేలికైపోతోందని నాకు కనబడలేదు.

మా ఆయన అన్నదీ అప్పుడే అర్థమైంది. దుమ్ము పేరు మీద డబ్బు తీసుకుంటే, దుమ్ము దులిపే ప్రతివాడూ మాతో సమానమే. అతను చవకగా సాఫ్ దొరికే చోటికి వెళ్ళాడు. సాఫ్ అని బోర్డు రాయించింది నేను.

ఆ సాయంత్రం బ్లోయర్ దుకాణానికి వెళ్ళాను. పోట్లాడటానికే వెళ్ళానని ఒప్పుకుంటాను. అతను నన్ను చూసి స్టూలు వేశాడు. ఆయనే పూరా సాఫ్ అన్నాడు దీదీ, రెండుసార్లు అడిగి చేశాను, నమ్మకపోతే ఆయన్నే అడగండి అన్నాడు. అడగక్కర్లేదు. ఆ స్టూలు మీద కూర్చోకుండానే వచ్చేశాను.

డిస్కు మా దగ్గరే ఉంచమని మా ఆయన దోర్నపాల్ అతన్ని అడిగారు. తుడిచిన పలక మీద కూడా గీతలు కొన్ని మిగులుతాయి, చూద్దాం అన్నారు. మీద సినిమా పాటలు నిండిపోయాయి కాబట్టి ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పారు. అతను సరే అన్నాడు. తన అక్క ఇంట్లోనే ఉండిపోయి రోజూ పొద్దున్న వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాడు. ఏమైంది అని అడిగేవాడు కాదు. గిరాకీలు వస్తే పక్కకి జరిగేవాడు. ఆ రోజుల్లో ఎవరికీ కాగితం పరిచి చూపించలేదు నేను. అడిగినంత ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకున్నాను, ఇవ్వనివాళ్ళని బ్లోయర్ దగ్గరికి పొమ్మన్నాను.

ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, ఆ నాట్ల పాట నీకు వచ్చా అని.

అతను గొంతు సవరించుకుని మొదటి వరస పాడాడు. రెండో వరస సగంలో ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి అందుకుని మళ్ళీ అక్కడే ఆగాడు. "ముందుగాల వచ్చేది. కంప్యూటర్ల ఉన్నయ్ గద అని యాద్ పెట్టుకోలే" అన్నాడు.

చివరికి మా ఆయన అతన్ని లోపలికి పిలిచారు. నేనూ వెళ్ళాను. పాటలు రాలేదు. వచ్చినవి తునకలు. ఒకదాంట్లో ఉత్త గరగర. ఒకదాంట్లో దూరంగా కోడికూత, దాని మీద సినిమా డప్పు. ఇంకొక్కటి ఉంది, అది కొంచెం శుభ్రంగా ఉంది అన్నారు ఆయన. శుభ్రంగా అన్నారు, ఆ మాట బాగా గుర్తు.

స్పీకర్లోంచి మొదట గిన్నెల చప్పుడు వచ్చింది. తర్వాత ఎవరో నవ్వారు. తర్వాత ఆ ముసలి గొంతు, చాలా దగ్గరగా.

"ఏందిరా, దీంట్ల పాడాల్నా? పాడితె నాకేమిస్తవ్?"

అక్కడితో తెగిపోయింది. పాట ఆ తర్వాత ఉండేది.

అతను గట్టిగా నవ్వాడు, ఆమె ఎదురుగా కూర్చుని అడిగినట్టే. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ నవ్వాడు. మూడోసారి పెట్టినప్పుడు నవ్వలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమిచ్చావు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఏం ఇయ్యలే అక్కా. ఊర్కెనే పాడింది."

మా ఆయన ఆ తునకని అతని ఫోన్లో ఒకటి, చిప్పులో ఒకటి, వేరే డిస్కులో ఒకటి ఎక్కించారు. ఎన్ని చోట్ల పెట్టినా అదే రెండు ముక్కలు. అతను కంప్యూటర్‌ని దుప్పటిలో మూట కట్టుకుని, ముడి బిగించి, కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ వచ్చినట్టే వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. చేయి జేబులోకి పోయింది.

"గిన్ని రోజులు పని చేసిండు అన్న. దీనికెంత అక్కా?"

నాలుగు భాషలు తెలిసినదాన్ని. అతను నిలబడే ఉన్నాడు. నేను కుర్చీ వెనక్కి జరిపి, వంగి, టేబుల్ కింద పడని స్క్రూ కోసం వెతకడం మొదలుపెట్టాను.